ఎడమచేతి గ్లోవు

ఎడిటింగ్ గది తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతున్నంతసేపూ ఎవరూ లోపలికి వెళ్లకూడదు, నిప్పంటుకున్నా సరే బయటే ఆగాలని డైరెక్టరుగారి ఆర్డరు, అందుకని ఎదురుగా ఉన్న చెక్కబల్ల మీద ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాను. గడియారంలో రెండూ పది. నాలుగింటికి సెట్టు విప్పేస్తారు. వడ్రంగులు అప్పుడే మొదలుపెట్టినట్టున్నారు, ఫ్లోరు వైపు నుంచి మేకులు పీకే చప్పుడు వినిపిస్తోంది, పీకండి నాయనా పీకండి, నలభై భాగాలపాటు అంతరిక్షంలో తిరిగిన ఓడ అది, కోడిగుడ్ల అట్టలకు వెండిరంగు పూసి గోడలు చేశారు, సీసా మూతలు తెచ్చి మీటలు చేశారు, అయినా జనం అది ఎగురుతోందనే నమ్ముతారు, లైట్లు వెలిగాక నేనూ నమ్ముతాను. సాయంత్రానికి అక్కడ ఇంకో సీరియల్ వాళ్ల కోర్టు లేస్తుంది. ఈలోగా నాకు ఒక్క షాటు కావాలి. పది సెకన్లు చాలు. గ్లోవు లేని ఒక ఎడమచెయ్యి ఒక ఇనప కప్పుని ముట్టుకోవాలి, అంతే. ఆ షాటు లేకపోతే ఏ పాపమూ ఎరగని పిల్ల మీద నింద పడుతుంది, అదీ నా మూలంగా, కాబట్టి ఆ తలుపు తెరుచుకునేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు.

నన్ను ఇక్కడ అందరూ గుర్తులమ్మ అంటారు. ఏ షాటులో ఎవరి చొక్కా గుండీ ఊడి ఉంది, ఎవరి జుట్టు ఏ చెవి మీద పడింది, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, ఇవన్నీ రాసుకుని, ఫోటోలు తీసి అంటించుకుని, తర్వాతి షాటులో తేడా రాకుండా చూడటం నా పని. కథని వరసగా తీసే లోకమైతే నాకు ఉద్యోగమే ఉండేది కాదు. ఎవరూ వరసగా తియ్యరు. ఒక గోడ ముందు జరిగేవన్నీ ఒకేసారి తీసేసి, ఆ గోడకి రంగు మార్చి ఇంకో గది చేస్తారు, అందుకని మా ఓడ డాక్టరు సోమవారం చచ్చిపోయాడు, శుక్రవారం రోగం తగిలించుకున్నాడు, మధ్యలో బుధవారం నాడు ఆరోగ్యంగా తిరుగుతూ జోకులేశాడు. రోగం పేరు నీలిమచ్చ. ముట్టుకుంటే అంటుకుంటుంది. మణికట్టు దగ్గర మొదలై, మోచెయ్యి, భుజం, మెడ, చివరికి చెంప, మొత్తం ఐదు దశలు. మేకప్ మామయ్య నీలిసిరాలో జిగురు కలిపి ఒక్కొక్క మచ్చా ఇయర్ బడ్ తో పెడుతుంటే, నేను పక్కన పటం పట్టుకుని, ఇది పదహారో సీను మామయ్యా, ఈయనకి మోచేతి దాకానే, భుజం ఎక్కించకు అని చెబుతుంటాను. కెప్టెన్ వేషగాడు రోజూ పొద్దున వచ్చి, గుర్తులమ్మా, నేనివాళ బతికున్నానా అని అడుగుతాడు. బతికే ఉన్నారు సార్, మెడదాకా పాకింది కానీ మీకింకా తెలియదు అంటాను. అందరూ నవ్వుతారు. పన్నెండేళ్లుగా ఇదే పని, పేరుకి పేరూ ఉంది, తప్పంటూ పెద్దగా చెయ్యలేదు, పోయిన నెల ఆ కెప్టెన్ గుండీ ఒక్కటి తప్ప.

ఇప్పుడు చేశాను, అదీ అలాంటిలాంటిది కాదు. కథ చిన్నదే. దారితప్పి తేలుతున్న ఓడ ఒకటి మనవాళ్లకి కనిపిస్తుంది, అందులో అందరూ చచ్చిపడి ఉంటారు. మన డాక్టరు ఒక శవాన్ని పరీక్షకి తెస్తాడు. శవం చేతిలో ఇనప కప్పు. తొమ్మిదో సీను మొదలయ్యేసరికే డాక్టరు ఎడమచేతి గ్లోవు చిరిగి, తీసి పారేసి ఉంటాడు, ఆ ఉత్త చేత్తోనే కప్పు ఊడదీసి పక్కన పెడతాడు, ఎవరూ చూడలేదని గ్రహించి గబగబా కొత్త గ్లోవు తొడుక్కుంటాడు, చిరగడం తొడుక్కోవడం తెర మీద చూపించరు, ఉత్త చెయ్యి ఒక్కటే చూపిస్తారు. భోజనం పంచే అమ్మాయి ఎంగిలి కప్పులు ఏరుకుంటూ వచ్చి దాన్నీ తీసుకుపోతుంది. డాక్టరు ఆ చేత్తో నలుగురి నాడి చూస్తాడు. మూడోనాటికి ఓడ నిండా నీలిమచ్చలు, ఎవరు తెచ్చారు ఎవరు తెచ్చారు అని ఒకటే గోల, అందరి వేళ్లూ భోజనం పంచే అమ్మాయి వైపే, పాపం నోట్లో నాలుక లేని పిల్ల, ఆమెని ఒక గదిలో పెట్టి తాళం వేస్తారు. చివర్లో డాక్టరు చెంపల మీద మచ్చలతో తూలుకుంటూ వచ్చి, తెచ్చింది నేను, గ్లోవు చిరిగితే దాచాను, ఆ పిల్లని వదలండి అని చెప్పి, తనే ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. ఇదీ కథ. కొత్త గ్లోవు తొడుక్కున్న తర్వాతి సీను, అంటే పదోది, మంగళవారమే తీసేశాం, దాని ఫోటోలో రెండు చేతులకీ గ్లోవులు తెల్లగా మెరుస్తున్నాయి. తొమ్మిదోది శుక్రవారం తీశాం. ఆ ఫోటో ముందు పెట్టుకుని, చూసి చూసి, కళ్లలో వత్తులు వేసుకుని చూసి, రెండు చేతులకీ గ్లోవులు వేయించాను. కాగితంలో రాసే ఉంది, ఎడమచెయ్యి ఉత్తది అని. నేను కాగితం చూడలేదు, ఫోటో చూశాను. దాచుకోవడానికి తొడుక్కున్న గ్లోవుని దాచుకోకముందే తొడిగించాను. అతిగా సరిపోల్చడమే నా కొంప ముంచింది.

పైగా ఆ పెద్దాయన, డాక్టరు వేషం వేసిన పెద్ద నటుడు, మేకప్ లో చెయ్యి పైకెత్తి నన్ను అడిగాడు కూడా. ఇక్కడ ఈ చేతికి గ్లోవు ఉండాలామ్మా అని. ఉండాలి సార్, ఇదిగో చూడండి అని ఫోటో చూపించాను, ఎంత ధీమాగా చూపించానో. ఆయన చూసి, నువ్వు చెబితే సరే అన్నాడు. డైరెక్టరుగారైనా కనిపెట్టి ఉండేవారే, కానీ ఆ రోజు శవానికి జలుబు. నాలుగుసార్లు తుమ్మింది శవం. ప్రతిసారీ ఫ్లోరంతా విరగబడి నవ్వడం, మళ్లీ మొదటికి రావడం, ఐదోసారి తుమ్ము రాలేదని అందరం ఎంత సంబరపడ్డామంటే గ్లోవు ఎవరి కంటా పడలేదు. ఇవాళ భోజనాలప్పుడు, అన్ని సీన్లూ అయిపోయాయి కదా అని కాగితాలని కథ వరసలో సర్దుతుంటే, ఎనిమిది, తొమ్మిది, పది, అక్కడ చెయ్యి ఆగిపోయింది. కప్పుని ఉత్తచేత్తో ముట్టుకున్న మనిషి ఈ భాగం మొత్తంలో ఒక్కతే ఉంది, అది భోజనం పంచే అమ్మాయి. డబ్బా మూసేసి పరుగెత్తుకొచ్చాను, వచ్చేసరికి ఎర్రబల్బు.

రెండున్నరకి తలుపు తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది, కానీ బయటికొచ్చింది ఎడిటరు దగ్గర పనిచేసే అమ్మాయి, టీ కోసం. బల్బు ఆరలేదు. ఆమె నా మొహం చూసి ఆగింది. "ఏంటండీ, మీరు గ్లోవు గురించేనా? కంగారుపడకండి, సార్ చూసేశారు." "తిట్టారా?" అన్నాను. "తిట్టడమా? గంతులేస్తున్నారు. డాక్టరు ఏమీ ముట్టుకోలేదు కదా, అయినా నేనే తెచ్చానంటున్నాడు కదా, అంటే ఆ పిల్లని కాపాడటానికి అబద్ధమాడి చచ్చిపోయాడన్నమాట. ఎవడి తప్పో గానీ భలే కలిసొచ్చింది, జనం కుళ్లికుళ్లి ఏడుస్తారు, పదేళ్లయినా ఈ భాగాన్నే మళ్లీ మళ్లీ వెయ్యమంటారు అంటున్నారు." ఆ అమ్మాయి టీ తీసుకుని లోపలికి పోయింది. నేను మళ్లీ బల్ల మీద కూలబడ్డాను.

కలిసొచ్చింది. ఎంత తియ్యటి మాట. అంటే నేను నోరు మూసుకుంటే చాలు. నా తప్పు తప్పు కాకుండా పోతుంది, పైగా గొప్పదనం అవుతుంది, ప్రొడక్షన్ మేనేజరు పోయిన నెల గుండీ రీటేకప్పుడు, ఇంకొక్కసారి నీ వల్ల రీటేకు పడిందంటే ఇంటికి పో అన్నాడు చూడు, ఆ గొడవే ఉండదు. లేచి, ఈ ఫైలు బీరువాలో పెట్టేసి, సంచీ తీసుకుని, మూడున్నర బస్సుకి కడుపులో చల్ల కదలకుండా ఇంటికి పోవచ్చు. ఎవరికి నష్టం? భోజనం పంచే అమ్మాయంటూ నిజంగా ఎవరైనా ఉన్నారా? కోడిగుడ్ల అట్టల ఓడలో కాగితం మనిషి. కానీ ఆ వేషం వేసిన పిల్ల ఉంది, మూడే మూడు డైలాగులు, బుధవారం నా పక్కన కూర్చుని జడ అల్లుకుంటూ, "అక్కా, చివరికి నా మీద అనుమానం పోతుంది కదా? మా అమ్మ వీధంతటినీ పిలిచి కూర్చోబెడతానంది" అంది. పోతుందమ్మా, నిక్షేపంగా పోతుంది, డాక్టరే ఒప్పుకుంటాడుగా అన్నాను. ఒప్పుకున్నాడు. నేనేమో ఆ ఒప్పుకోలు అబద్ధమయ్యేట్టు చేశాను. ఇప్పుడా పిల్ల తప్పించుకున్న దోషి. అందరూ జాలిపడి వదిలేసిన దోషి. అంతకంటే తాళం వేసి ఉంచడమే నయం. నింద మోసినవాళ్లకి జాలి ఎందుకు, ఎవరు తెచ్చారో చెప్పండి చాలు. పిన్ని మొహం గుర్తొస్తోంది, వద్దనుకుంటే మరీ వస్తోంది, ట్రంకుపెట్టె ఒక చేత్తో, చుట్టిన పరుపు ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మంలో వెనక్కి తిరిగినప్పటి మొహం.

అమ్మకి చెల్లెలు పిన్ని. పెళ్లికాకముందు మా ఇంట్లోనే ఉండేది, ముందుగదిలో పడుకునేది, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. సాయంత్రం వస్తే ఆమె చేతులు సబ్బువాసన, వేళ్లు నాని ముడతలు పడి ఉండేవి, ఆ చేతులతో నా చెంపలు నొక్కి, ఏమే చిట్టి పోలీసూ, ఇవాళ ఎవర్ని పట్టుకున్నావు అనేది. నాకు ఎనిమిదేళ్లు. తమ్ముడికి మూడు. మా వెనకింట్లో నా వయసు స్నేహితురాలికి గవదబిళ్లలు వచ్చాయి, చెంపలు రెండూ ఉబ్బి, మెడచుట్టూ గుడ్డ కట్టుకుని, అటువైపు వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతానంది అమ్మ. కానీ దానికి వాళ్ల నాన్న మౌత్ ఆర్గాన్ తెచ్చాడు. గోడ అవతల నుంచి వినపడేది. ఎర్రరంగు డబ్బాలో పెట్టి ఉండేదది, ఎవరికైనా ఆగుతుందా ప్రాణం, రెండోనాడు గోడ దూకాను. అదొకసారి ఊదడం, నేనొకసారి ఊదడం. ఇంటికి తీసుకుపో, రేపు తెచ్చివ్వు అంది. తెచ్చాను. తమ్ముడు చేతులు చాచాడు. వాడి నోట్లో పెట్టాను, వాడు ఊదితే చప్పుడొచ్చిందని వాడి మొహం ఎంత వెలిగిపోయిందో, ఉమ్మంతా కారుస్తూ ఊదాడు. నాకు ఒక్కరోజు కూడా జ్వరం రాలేదు. రెండు వారాల తర్వాత వాడికొచ్చింది, మామూలుగా కాదు, ఫిట్స్ దాకా వెళ్లింది, పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు, బతికి వచ్చాడు కానీ ఎడమచెవి పోయింది. ఇప్పటికీ వాడు తల వంచి కుడిచెవి మన వైపు పెట్టి వింటాడు, కొత్తవాళ్లు అది వినయం అనుకుంటారు.

ఆ వారం ఆరోగ్యశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. సన్నటి మీసం, చంకలో పెద్ద పుస్తకం. ఇంటింటికీ తిరిగి గళ్లు గీసుకున్న కాగితంలో రాసుకునేవాడు, ఈ నెలలో ఎవరెవరు ఎక్కడికి వెళ్లారు, ఎవరు ఎవర్ని ముట్టుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి చూశాను, ఎంత అందంగా గీశాడో ఆ గళ్లు. నన్నడిగాడు, పాపా, నువ్వెవరింటికైనా వెళ్లావా? లేదన్నాను. ఒక్క ముక్క. లేదు. ఆయన నమ్మి గీత కొట్టాడు. తర్వాత పిన్నిని అడిగాడు, ఎక్కడ పని, ఆసుపత్రి దుప్పట్లా, అహా అన్నాడు, ఆ అహాతో అంతా అయిపోయింది. పిన్నే తెచ్చిందని ఆయన అననుకూడా అనలేదు, అనుమానం అని రాశాడంతే, కానీ అమ్మకి అది చాలు. కన్నకొడుకు చెవి పోయిన మనిషి, ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా కోపం. "నువ్వు ఇంక ఈ ఇంట్లో ఉండొద్దు" అంది. నాన్న కుర్చీలో కూర్చుని గోళ్లు చూసుకున్నాడు. పిన్ని ఏడవలేదు, దెబ్బలాడలేదు, "అక్కా, నేను రోజూ చేతులు వేడినీళ్లతో కడుక్కునే వచ్చేదాన్ని" అంది, అంతే. మౌత్ ఆర్గాన్ ఇంకా నా గౌను జేబులోనే ఉంది అప్పుడు. బరువుగా. స్నేహితురాలికి తిరిగిచ్చానా పారేశానా గుర్తులేదు, ప్రపంచంలో ఉన్నవన్నీ గుర్తుపెట్టుకుని రాసే నాకు అదొక్కటే గుర్తులేదు. ముప్ఫైతొమ్మిదేళ్లు. పెళ్లిళ్లలో ఎదురుపడితే అమ్మ, వచ్చావా అంటుంది, పిన్ని, ఆఁ వచ్చానక్కా అంటుంది, అంతటితో సరి. నేను ఇద్దరి మధ్యా పళ్లికిలిస్తూ తిరుగుతాను. సిగ్గులేనిదాన్ని, పిన్ని దగ్గర బట్టలు కూడా కుట్టించుకున్నాను.

ఆ గళ్లపుస్తకం ఆయన నన్ను నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండేది. ఇంకోసారి అడిగి ఉంటే. ఎనిమిదేళ్ల పిల్ల మొహంలో అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? నేనైతే అడుగుదును. నేను ఎవర్నీ నమ్మను, అందుకే ఈ ఉద్యోగంలో రాణించాను, గ్లాసు కుడిచేతిలో ఉందంటే ఫోటో చూపించు అంటాను. బహుశా ఆయన మీద కోపంతోనే ఈ పనిలోకి వచ్చానేమో. అదీ అబద్ధమే, మా మామగారి స్నేహితుడు చెబితే వచ్చాను. మూడూ ఐదు. ఏంటీ మనిషి, లోపల ఎంతసేపని. నాలుగింటికి సెట్టు పోతుంది, ఆ పరీక్షగది బల్ల, ఆ గోడముక్క ఉంటే చాలు, మిగతా ఓడంతా విప్పేసుకోనీ. లేచి వెళ్లి వడ్రంగులకి చెప్పి వచ్చాను, "పరీక్షగది మూల ముట్టుకోకండి, సార్ చెప్పారు" అని. సార్ చెప్పలేదు. చెబుతారు. మళ్లీ పరుగున వచ్చి కూర్చున్నాను, బల్బు అలాగే ఉంది, ఆయాసం తీరాక నవ్వొచ్చింది, నిజం చెప్పించడానికి ఇప్పుడే ఒక అబద్ధం ఆడొచ్చాను కదా అని.

పెద్దాయన వచ్చాడు. మొహం కడుక్కుని, సొంత చొక్కా వేసుకుని, చెంప మీద ఇంకా ఒక నీలిమచ్చ పోక, చేతికర్రతో వరండాలో నడుచుకుంటూ. ఇవాళ్టితో ఆయన వేషం అయిపోయింది, నలభై భాగాల డాక్టరు. బయట కారు హారను కొడుతోంది. "వస్తానమ్మా, గుర్తులమ్మా" అన్నాడు. లేచి నిలబడ్డాను. "సార్, ఆ గ్లోవు, మీరు అడిగారు చూడండి, మీరే రైటు. ఆ చేతికి ఉండకూడదు. నేనే తప్పు చెప్పాను" అన్నాను. ఆయన కర్ర మీద ఆని ముందుకు వంగాడు. "చెప్పావా వాళ్లకి?" "చెప్పడానికే కూర్చున్నాను." ఆయన తల ఊపాడు. "నేను ఆగుదునమ్మా, కానీ పొద్దుటినుంచి ఒళ్లు కాలిపోతోంది, నిలబడలేను" అన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను, నిజంగానే కాలుతోంది. ఉండమని ఎలా అంటాను? కారుదాకా తీసుకెళ్లి కూర్చోబెట్టే ధైర్యం కూడా లేదు, ఈలోగా తలుపు తెరుచుకుంటుందేమోనని. ఆయన మెల్లగా మెట్లు దిగుతుంటే, పోయింది, చెయ్యే పోయింది, ఇంకేం షాటు అనుకున్నాను. తర్వాత అనుకున్నాను, చెయ్యే కదా. మొహం కనపడక్కర్లేదు. తెల్లకోటు చేతిమడత, దాని చివర ఒక చెయ్యి, వయసు మళ్లినది ఏదైనా చాలు. పుట్టి మునిగిందేమీ లేదు.

మూడూ ఇరవైకి బల్బు ఆరింది. డైరెక్టరుగారు కళ్లు నులుముకుంటూ వచ్చారు, నాకంటే పదేళ్లు చిన్న, మొహం పండగలా ఉంది. "ఏంటి గుర్తులమ్మా ఇక్కడ? గ్లోవు సంగతి విన్నావా, భలే కుదిరింది."

"కుదరలేదు సార్. అది నా తప్పు."

ఆయన వెనకే వస్తున్న మేనేజరు ఆగి నా వైపు చూశాడు. చూడనీ. నోరు తెరిచాక తడబడలేదు, గంటసేపు నమిలిన మాటలు కదా. "పదో సీను ఫోటో చూసి తొమ్మిదికి వేయించాను సార్. కాగితంలో ఉత్తచెయ్యి అనే ఉంది. ఒక్క షాటు తీద్దాం. పరీక్షగది మూల విప్పకుండా ఉంచమన్నాను, కప్పు నా దగ్గరే ఉంది, లైటు అదే ఉంది. పావుగంట."

"ఎందుకు? ఇదే బాగుంది కదా. డాక్టరు త్యాగం చేశాడు, పిల్ల బతికింది."

"పిల్ల బతకడం కాదు సార్, ఆ పిల్ల తేలేదు. ఇలా వదిలేస్తే తెచ్చిందనే అనుకుంటారు చూసేవాళ్లు."

"కథేగా, గుర్తులమ్మా!"

"కథలో కూడా తేలేదు సార్. మీరే రాశారు."

మేనేజరు అందుకున్నాడు, "రీటేకంటే రిపోర్టులో నీ పేరు రాయాలి, తెలుసుగా?" రాయండి అన్నాను, స్పెల్లింగు తప్పు రాయకండి అని కూడా అన్నాను, నాకు ఆ నోటిదురద ఎప్పుడూ ఉన్నదే. డైరెక్టరుగారు నా ఫైలు తీసుకుని తొమ్మిదో కాగితం చదివారు, పదోది చదివారు, మళ్లీ తొమ్మిదికి వచ్చారు. "త్యాగం చేసేవాడు మంచివాడు, అందరికీ నచ్చుతాడు" అన్నారు మెల్లగా. "వీడు భయపడి దాచినవాడు. వీడు ఒప్పుకోవడం కష్టం." అవును సార్ అన్నాను. "కానీ పెద్దాయన వెళ్లిపోయారుగా?" చెయ్యి చాలు సార్ అన్నాను. ఆయన నిట్టూర్చి, పదండి అన్నారు.

మేకప్ మామయ్య వేళ్లకి నీలిసిరా ఇంకిపోయింది, వడ్రంగుల చేతులు మరీ మొరటు, మేనేజరు వేళ్లకి మూడు ఉంగరాలు, అవి ఊడిరావు. చివరికి అందరూ నా చెయ్యి చూశారు. నలభైయేడేళ్ల చెయ్యి, పెన్ను పట్టుకుని కాయ కాసింది, నరాలు తేలాయి. మామయ్య నాలుగు ముడతలు గీసి, గోళ్ల రంగు చెరిపి, తెల్లకోటు తొడిగాడు. కోటు ఇంకా వెచ్చగా ఉంది, పెద్దాయన జ్వరం. శవం లేదు కాబట్టి కప్పు దిండు మీద పెట్టారు. దొంగలా ముట్టుకోకు గుర్తులమ్మా, అలవాటుగా ముట్టుకో, వాడికి ఆ క్షణంలో ఏమీ తెలియదు అన్నారు డైరెక్టరుగారు. నాకు చెప్పాలా. ఆ క్షణంలో ఏమీ తెలియదు, తర్వాత తెలుస్తుంది, తర్వాత గబగబా గ్లోవు వెతుక్కుంటాం. కప్పు చల్లగా తగిలింది. ఒక్క టేకులో అయిపోయింది. వెనక నుంచి వడ్రంగులు గోడ లాగేశారు.

వరండాలో కాపలా ఆయన బల్ల మీద ఫోను ఉంది. ముడతలు కడుక్కోకుండానే వెళ్లి పిన్ని నంబరు తిప్పాను. ఇప్పుడు కాకపోతే మళ్లీ ముప్ఫైతొమ్మిదేళ్లు పడుతుంది, నా సంగతి నాకు తెలియదా. పిన్ని ఎత్తింది, వెనక కుట్టుమిషను చప్పుడు. "ఏమే, జాకెట్టు శుక్రవారానికే ఇస్తానన్నాగా." కాదు పిన్నీ అన్నాను. "తమ్ముడి జ్వరం తెచ్చింది నువ్వు కాదు. నేను. వెనకింటికి వెళ్లాను, ఆ పిల్ల మౌత్ ఆర్గాన్ తెచ్చి వాడి నోట్లో పెట్టాను. ఆయన అడిగితే లేదన్నాను."

మిషను ఆగింది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను, ఏడుపుకి కూడా. "నేను తేలేదని నాకు తెలియదటే?" అంది పిన్ని. "ముప్ఫైతొమ్మిదేళ్లుగా తెలుసు. నేను చేతులు కడుక్కునేదాన్నని నాకు తెలుసు. తెలియనిది మీ అమ్మకి. నాకెందుకు చెబుతున్నావే, నా దగ్గర ఏముందని? ఫోను పెట్టెయ్. దానికి చెప్పు." పెట్టేసింది.

అవును కదా. సరైన కాగితం నా ఫైల్లో ఉంటే ఏం లాభం, తెర మీద కనపడాలి కానీ. పిన్నికి చెప్పి తేలికపడదామనుకున్నాను, అదీ నా సుఖం కోసమే. మళ్లీ తిప్పాను. తమ్ముడు ఎత్తాడు. అమ్మని పిలువు, నువ్వూ పక్కనే ఉండు, కుడిచెవి ఫోనుకి ఆనించి విను అన్నాను. అక్కా, ఏమైంది అన్నాడు. పిలువురా అన్నాను. చెప్పుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఇద్దరి ఊపిరీ ఫోనుకి తగులుతోంది. "ఏమిటే ఈ వేళప్పుడు?" అంది అమ్మ. చెప్పాను. గోడ దూకడం, ఎర్రడబ్బా, తమ్ముడు ఊదడం, తలుపు వెనక నేను, లేదన్న మాట, అన్నీ జరిగిన వరసలోనే చెప్పాను, ఒక్కటీ ముందువెనకలు చెయ్యలేదు. పిన్ని తేలేదు అమ్మా, నేను తెచ్చాను అని ముగించాను.

అమ్మ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. తమ్ముడు, నాకు ఆ మౌత్ ఆర్గాన్ గుర్తుందే అన్నాడు, వాడి గొంతులో కోపమో మరొకటో తెలియలేదు. తర్వాత అమ్మ, వాణ్ణి ఏదో తెమ్మంది, కాగితాల చప్పుడు వినిపించింది.

"దాని నంబరు నీ దగ్గర ఉందా?" అంది.

ఉందన్నాను. చెప్పాను. అమ్మ ఒక్కొక్క అంకే తిరిగి పలుకుతూ రాసుకుంది, చివరి రెండంకెలూ మళ్లీ అడిగింది.